ఒలకని నీళ్ళు

హేమావతి మెట్లెక్కి వచ్చేసరికి గంగాదేవి పటాలకు హారతి ఇస్తోంది. అనంతపురంలో కిరాణా కొట్టు మీద ఉన్న ఆ గదికి ‘ప్రైవేటు డిటెక్టివ్’ బోర్డు కంటే గుమ్మానికి కట్టిన మామిడాకులే ముందు కనిపిస్తాయి. హారతి అయ్యేదాకా యముడొచ్చినా బెంచీ మీద కూర్చోవలసిందే. అసిస్టెంటు బయ్యన్న హేమావతికి బెంచీ చూపించాడు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా ముఖాలు చూసిన మనిషి అతను. ఈమె ముఖంలో భయం ఉంది, దానికి మించిన కోపమూ ఉంది.

“పామిడి నుంచి వచ్చినా అక్కా,” అంది హేమావతి. “మా పెరట్లో పిట్టలను వీడియో తీస్తా. పొద్దున లేచి చూస్తే కెమెరా ల్యా. పిట్టలు నీళ్ళు తాగే మూకుడు బోర్లా పడుండాది. మేకలు మేపే ఓబిలేషు పనే అంటాడు మా ఆయప్ప. సాయంత్రానికి వాణ్ణి స్టేషన్లో పెట్టిస్తాడంట.”

“నువ్వు నమ్మల్యా?” అంది గంగాదేవి, హారతి పళ్ళెం దించి.

“వాని మేకలకు గేటు బయట తొట్టి పెట్టిందే నేను. వాడు నా మూకుడు ముట్టడు. ఇదే సందని మా ఆయప్ప, వీడియోలు చాలించు, పెరడు మూసేద్దామంటాడు. నేను చాలించను. అది మా నాయన నా పేర రాయించిన జాగా. నిమ్మచెట్లో పికిలిపిట్ట గూడు కట్టింది, పిల్లలుండాయి.”

“ఇంట్లో ఇంకెవరు?”

“అత్త భద్రమ్మ. గోరంట్లలో కూతురింటికి పోయుండాది. మేమిద్దరమే.”

గంగాదేవి కుంకుమ భరిణె మూసి చెప్పులేసుకుంది. “పద బయ్యన్నా.”

బస్సులో హేమావతి ఫోను తీసి నిన్న సాయంత్రం పెట్టిన వీడియో చూపించింది. గోడ మీద పికిలిపిట్ట జుట్టు నిక్కించి పాడుతోంది. ఉన్నట్టుండి ఎగిరిపోయింది. అంచున పసుపుపచ్చని సన్నటి పట్టీ ఒకటి గోడ మీద జారి మాయమైంది.

“గాలిపటం తోకేమో,” అన్నాడు బయ్యన్న.

“నేనూ అట్లే అనుకున్యా. ఇది చిన్న ముక్కన్నా. మిగతాది కెమెరాలోనే ఉండాది, నేనింకా చూడల్యా.”

గంగాదేవి ఆ ముక్కనే మళ్ళీ చూసి, ఏమీ అనకుండా ఫోను తిరిగిచ్చింది.

పామిడిలో ఆ వీధి ఎండకు బూడిద రంగు తేలి ఉంది. పక్కింటి నరసింహప్ప మాత్రం పైపు పెట్టి కారు కడిగిస్తున్నాడు. నీళ్ళు కాలువ కట్టి రోడ్డు దాటుతున్నాయి.

“ఈయన బోరు ఎండల్యా,” అంది హేమావతి. “మాది ఎండి చాన్నాళ్ళయింది. వీధి చివర ట్యాంకరు నిలబడితే మా ఆయప్పే బిందెలతో మోస్తాడు.”

పెరట్లో మూకుడు బోర్లించి ఉంది. పక్కనే తులసికోట. దూరంగా గోడ వారన నిమ్మచెట్టు. నడుమ చిక్కుడు తీగ లేత కొసలతో పాకి ఉంది. గంగాదేవి మూకుడు ఎత్తి కింది మన్ను చేత్తో తడిమింది. పొడిపొడిగా రాలింది. చెప్పులు విడిచి తులసి మొదలు తాకింది. అదీ పొడే. చివరికి నిమ్మచెట్టు పాదులో వేలు గుచ్చింది. వేలికి బురద అంటింది.

“పొద్దున దీనికి నీళ్ళు పోసినావా?”

“ల్యా అక్కా. గిన్నెలు కడిగిన నీళ్ళు సాయంత్రం పోస్తా. నిన్న అవి కూడా మిగల్యా. పొద్దున నేను తులసికి కూడా పోయకుండా బస్సెక్కినా.”

ముందు ఓబిలేషును పిలిపించారు. తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

“నేను కెమెరాతో ఏం చేసుకోవల్లమ్మా? మేకల పెండ్లి తీయల్లనా?”

బయ్యన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. గంగాదేవి గోడ అవతలి నరసింహప్పను పలకరించింది.

“ఏమప్పా, తెల్లారి ఏమన్నా చప్పుడైందా?”

“పిట్టల చప్పుడు తప్ప ఏముంటాదమ్మా ఈడ? ఇంత జాగా, మెయిన్ రోడ్డు పక్కన, పిట్టలకు ఇడిసినారు. నేనైతే షాపులు లేపుదును.”

హేమావతి భర్త జయరాం నైటీల కొట్టు నుంచి, మెడలో టేపు తీయకుండానే వచ్చాడు.

“మేకలు దూరి మూకుడు పడేసినాయి మేడం. ఎనకాలే వాడొచ్చినాడు. కెమెరా కండ్లబడింది, ఎత్తుకుపోయినాడు. దీనికి డిటెక్టివు ఎందుకు?”

“పిలిచింది నేను,” అంది హేమావతి.

గంగాదేవి అందరినీ నిమ్మచెట్టు నీడలోకి పిలిచింది. నరసింహప్ప కూడా గేటు తీసుకుని వచ్చాడు.

“మేకలు రాలేదు,” అంది ఆమె. “వచ్చుంటే ఆ చిక్కుడు కొసలను దేవుడు కూడా కాపాడలేడు. మూకుడును మేక పడేస్తే నీళ్ళు ఆడనే ఒలకల్ల. మూకుడు కింద మన్ను పొడిగా ఉండాది. నీళ్ళేమో ఇంత దూరం నడిచొచ్చి నిమ్మచెట్టు పాదులో చేరినాయి. మేక ఎత్తి పోస్తుందా?”

ఓబిలేషు తువ్వాలు నలపడం ఆపాడు.

“ఓబిలేషు మీదికి నెట్టేదానికే మూకుడు బోర్లించినారు. తన మీదికి తానే నెట్టుకోడు కాబట్టి వాడు కాదు. కానీ నీళ్ళు నేల మీద పారబొయ్యడానికి దొంగకు చెయ్యి రాల్యా. ఈ కరువులో నీళ్ళు మోసే చేతికే ఆ బరువు తెలుస్తాది. పైపుతో రోడ్డు కడిగే నరసింహప్పకు మూకెడు నీళ్ళు లెక్కా? మరి పక్కనే తులసి ఉంటే నిమ్మచెట్టు దాకా ఎందుకు మోసినాడు? అవి పిట్టల ఎంగిలి నీళ్ళు. తులసికి పోయకూడదు. తల్లి భద్రమ్మ పెంపకం అంత గట్టిది.”

జయరాం తల వంచుకున్నాడు.

“నిన్నటి వీడియోలో పిట్టను బెదరగొట్టింది గాలిపటం కాదు. నీ మెడలో ఉండే ఆ పసుపు టేపు. నైటీలు కొలిచే టేపుతో జాగా కొలిచినావు. సాయంత్రం వీడియో చూసి ఉలిక్కిపడినావు. టేపే కనపడితే, కెమెరాలో మిగతాదంతా, మాటలతో సహా, ఉంటాదని. కెమెరా ఎత్తినావు. యాడ పెట్టినావప్పా?”

“కొట్లో,” అన్నాడు జయరాం. “నైటీల మూటలో. నరసింహప్పన్న ఈడ షాపులు కట్టి మెయిన్ రోడ్డు కొట్టు నాకిస్తానన్నాడు. పిట్టలు రాకపోతే హేమ సంతకం పెడుతుందనుకున్యా.”

“నన్ను అడిగినావా?” అంది హేమావతి.

“అడిగితే వద్దంటావని...”

“అంటా. ఇప్పుడూ అంటాండా. సంతకం పెట్టను.”

నరసింహప్ప గొంతు సవరించుకున్నాడు. “పిట్టల కోసం బంగారంటి జాగా పాడుపెడతావామ్మా?”

“పాడు యాడుండాదన్నా? అదిగో, పిల్లలుండాయి.” ఆమె భర్త వైపు తిరిగింది. “ముందు ఓబిలేషుకు తప్పయిందని చెప్పు. తర్వాత కెమెరా తీసుకురా. వచ్చేటప్పుడు బిందె నింపుకొని రా.”

జయరాం ఓబిలేషు ముందు నిలబడి, అందరూ వినేలా తప్పయిందన్నాడు. తర్వాత గేటు దాటి కొట్టు వైపు నడిచాడు.

బయ్యన్న గంగాదేవి పక్కకు చేరి గొంతు తగ్గించాడు. అతనికి ఒకటి అంతుబట్టలేదు. “తులసికి ఎంగిలి నీళ్ళు పోసేదానికి భయపడినోడు, పెండ్లానికి ద్రోహం చేసేదానికి భయపడల్యా. ఇదేం భక్తి అక్కా?”

“తులసి ఎదురు అడగదు కదన్నా. అడగనిదానికి భయపడటం సులువు.”

కెమెరాతో తిరిగొచ్చిన జయరాం బిందె దించి మూకుడు నింపాడు. ఒక్క చుక్క ఒలకలేదు. హేమావతి కెమెరా బిగించి, ఎప్పుడూ నిమ్మచెట్టు వైపు పెట్టేదాన్ని ఈసారి గోడంతా పడేలా తిప్పింది. చెట్టులోంచి పిల్లల కిచకిచ వినబడింది. ముక్కున పురుగుతో తల్లి పిట్ట గోడ మీద వాలి, మనుషులను చూసి ఆగింది.

“అడ్డం జరుగు నరసింహప్పన్నా,” అంది హేమావతి, కెమెరా మీద నుంచి కన్ను తీయకుండా. “అది ఇంటికి పోవల్ల.”