నిండుగా ఉన్న దాణా బకెట్

గుర్రాలను చూసుకునే సాయిసు కొట్టంలో గడ్డి మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. కణత పగిలింది. ప్రాణం పోయింది.

పక్కనే ఉన్న గుర్రానికి మాత్రం ఎవరో శుభ్రమైన తెల్ల దుప్పటి కప్పారు.

ఉదయం ఏడు కావస్తోంది. స్టేషన్ రోడ్డుకు అవతలే కాబట్టి, ఫోన్ వచ్చిన వెంటనే ఇన్‌స్పెక్టర్ పోలీస్ డాక్టర్ని, ఒక కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని రైడింగ్ క్లబ్బుకు నడిచే వచ్చాడు. అప్పటికే కొట్టం ముందు మెంబర్లు గుమిగూడారు. అందరికీ మోకాళ్ల దాకా బూట్లు. ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకుంటున్నారు. ఇన్‌స్పెక్టర్ మనసు కాస్త మెత్తబడింది.

అంతలో ఒకావిడ ముక్కు చీదింది.

"పాపం, ఎంత బెదిరిపోయి ఉంటుందో వెన్నెల!"

వెన్నెల అంటే గుర్రం. ఇన్‌స్పెక్టర్ మెత్తదనం అక్కడితో సరి.

క్లబ్ ప్రెసిడెంట్ ముందుకొచ్చాడు. తల మీద టోపీ తియ్యలేదు.

"యాక్సిడెంటండీ. తాగొచ్చి గుర్రం వెనక నుంచి వెళ్లాడు. తన్నింది. వెనక నుంచి వెళ్లకూడదని ఇక్కడ చంటిపిల్లలకీ తెలుసు."

"తాగాడని మీకెలా తెలుసు?"

"వాసనొస్తోంది కదండీ!"

గోడవారగా నిలబడ్డ మనిషి ఒక్కసారిగా కదిలింది. సాయిసు భార్య. కొట్టాల వెనక ఒంటిగదిలో మొగుడితో, కూతురితో కాపురం.

"తాగి చచ్చాడని మాత్రం రాయకండి సార్. ఆయన చుక్క ముట్టిన మనిషి కాదు. అది స్పిరిట్ వాసన. ఈ గుర్రం ముందుకాలు వాచింది. రోజూ స్పిరిట్ పెట్టి రుద్దేవాడు."

"నువ్వుండమ్మా," అన్నాడు ప్రెసిడెంట్. "పొద్దుటే చెప్పాను కదా. వెళ్లి సామాన్లు సర్దుకో. కొత్తవాడికి గది కావాలి."

మొగుడు చల్లబడకముందే గది ఖాళీ చెయ్యమన్నాడన్నమాట! ఈయనగారు గుర్రాల సంక్షేమం మీద ఉపన్యాసాలు కూడా ఇస్తాడు.

"గది పోతే పోనీ సార్," అంది ఆమె. "నా కూతురు రేపు బడికెళ్లాలి. తాగుబోతు కూతురని పిలిపించుకోకూడదు. నాకదొక్కటే కావాలి."

ఇన్‌స్పెక్టర్ వంగి సాయిసు చేతిని వాసన చూశాడు. ఘాటైన స్పిరిట్. నోటి దగ్గర ఏమీ లేదు.

డాక్టర్ తల ఎత్తాడు.

"ఇది గిట్ట దెబ్బ కాదు. గిట్ట తగిలితే ఎముక వెడల్పుగా నుజ్జవుతుంది. ఇది సన్నటి ఇనప అంచు."

"వెంటనే పోయాడా?"

"లేదు. ఎంత నెత్తురు పోయిందో చూడు. అరగంట దాకా ఊపిరి ఉండుంటుంది. అప్పుడే ఎవరైనా కేకేసి ఉంటే బతికేవాడు."

ఇన్‌స్పెక్టర్ లేచి వరండాలోకి వచ్చాడు. వరసగా కొట్టాలు. ప్రతి తలుపు పక్కనా ఒక కొక్కెం, దానికి దాణా బకెట్. ఒక్కో బకెట్ లోపలికీ తొంగి చూశాడు. అన్నీ ఖాళీ. నాకి నాకి తళతళలాడుతున్నాయి.

మొదటి కొట్టం వెన్నెలది. ఆ బకెట్ నిండుగా ఉంది.

"ఆయన దాణా పెట్టడం ఎక్కడ మొదలుపెడతాడమ్మా?" అని సాయిసు భార్యను అడిగాడు.

"దీంతోనే సార్. దీనికి ముందు పెట్టకపోతే తలుపు తన్ని గోల గోల చేస్తుంది."

"మరి ఇవాళ?"

ఆమె నిండు బకెట్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"తెలీదు సార్. ఎప్పుడూ ఇలా చెయ్యడు."

ఇన్‌స్పెక్టర్ జీను గదిలోకి వెళ్లొచ్చాడు. తర్వాత ఓనరమ్మ కోసం కబురు పెట్టాడు. వెన్నెల యజమానురాలు. శవాన్ని ముందు చూసింది ఆవిడే. వచ్చి గుర్రం మెడ నిమురుతూనే జవాబులు చెప్పింది.

"మీరు ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే, ఫోన్ చెయ్యడానికి కాస్త ముందు."

"అప్పటికి గుర్రం ఎక్కడుంది?"

"ఇక్కడే. రాత్రి నుంచీ కొట్టంలోనే ఉంది. కాలు తగ్గేదాకా జీను వెయ్యొద్దని పశువుల డాక్టర్ గట్టిగా చెప్పాడు. అడుగు బయట పెట్టలేదు."

"వచ్చే వారం పోటీ ఉందట కదా?"

"ఉంటే? నాకు పోటీ కంటే దీని ప్రాణం ముఖ్యం."

"సాయిసుకు ప్రాణం ఉందో లేదో ముట్టుకుని చూశారా?"

"ఛీ! నేనెందుకు ముట్టుకుంటాను?"

"మరి గుర్రాన్ని?"

"దాన్ని చూసుకోవద్దా? పాపం, వణికిపోతోంది. ఒళ్లు తుడిచి దుప్పటి కప్పాను."

ఇన్‌స్పెక్టర్ అందర్నీ కొట్టం ముందుకు పిలిచాడు. మెంబర్లు విసుక్కుంటూ నిలబడ్డారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. సవారీ టైమ్ దాటిపోతోందట.

వెన్నెల నేలను గీరుతూ సకిలించింది.

"అయ్యో, నోరులేని జీవం. ఆకలేస్తున్నట్టుంది," అంటూ ఇన్‌స్పెక్టర్ నిండు బకెట్ అందుకున్నాడు. తలుపు తీశాడు. గుర్రం ఆత్రంగా మూతి చాచింది.

"వద్దు!" ఓనరమ్మ కెవ్వుమంది. "ఇప్పుడు పెట్టకండి!"

"ఏం?"

"ఒళ్లింకా చల్లారలేదు! పరిగెత్తి వచ్చాక గంటైనా ఆగకుండా దాణా పెడితే కడుపు శూల వచ్చి చస్తుంది!"

మెంబర్లందరూ గబగబా తలలూపారు. అవునవును, చాలా ప్రమాదం. పోలీసులకు ఇవన్నీ ఏం తెలుస్తాయి!

ఊపిన తలలు ఊపినట్టే ఆగిపోయాయి.

"పరిగెత్తి ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రాత్రి నుంచీ కొట్టంలోనే ఉందన్నారుగా?"

ఓనరమ్మ గబుక్కున గుర్రం మీది దుప్పటి సర్దింది.

"నేను చెప్తాను. సాయిసు పొద్దున్నే దాణా తెచ్చేసరికి ఈ కొట్టం ఖాళీ. అందుకే బకెట్ కొక్కేనికి తగిలించి మిగతావాటికి పెట్టాడు. మీరు పోటీ కోసం వాచిన కాలితోనే దీన్ని పరిగెత్తించి తెచ్చారు. జీను విప్పుతుంటే అతను కాలికి రుద్దడానికి స్పిరిట్ తీసుకుని వచ్చాడు. జీను గదిలో రికాబులన్నిటికీ బురద ఉంది. మీ జీనుకున్న ఒక్క రికాబు మాత్రం కడిగి ఉంది. ఇంకా తడి ఆరలేదు."

రికాబంటే సవారీ చేసేవాళ్లు కాలు పెట్టే ఇనప కమ్మి. విసిరితే ప్రాణం తీస్తుంది.

"ఏమన్నాడతను?"

"గుర్రాన్ని చంపేస్తున్నావమ్మా అన్నాడు!" ఓనరమ్మ గొంతు చీరుకుపోయింది. "నన్ను! దీన్ని కన్నబిడ్డలా చూసుకునే నన్ను! ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్నది విసిరాను."

"తర్వాత?"

"వెన్నెల చెమటతో తడిసి ముద్దయింది. కాసేపు నడిపించకపోతే కండరాలు పట్టేస్తాయి."

"అతను?"

"మూలుగుతున్నాడు."

"మీరేం చేశారు?"

"ముందు దీన్ని నడిపించాలి కదండీ!"

సాయిసు భార్య నోట్లో కొంగు కుక్కుకుంది. మెంబర్లు నేల చూపులు చూశారు.

ఇన్‌స్పెక్టర్ ప్రెసిడెంట్ వైపు తిరిగాడు.

"మీ ఆఫీసు కిటికీలోంచి మైదానం బాగా కనిపిస్తుంది. ఈవిడ గుర్రాన్ని నడిపించడం మీరు చూశారా, లేదా?"

"చూశానండీ. ఎంత శ్రద్ధ అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"కాలు వాచిన గుర్రాన్ని ఎక్కారంటే క్లబ్బుకు చెడ్డపేరు కదండీ. లోపల మనిషి ఉన్నాడని నాకేం తెలుసు? నేను గుర్రాన్నే చూశాను."

"నమ్ముతాను. మీకు కనిపించేది అదొక్కటే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ సంగతి కూడా స్టేషన్‌కొచ్చి చెబుదురుగాని."

స్టేషన్ నుంచి జీపు తెప్పించి ఓనరమ్మను ఎక్కించారు. ఎక్కుతూ ఎక్కుతూ వెనక్కి తిరిగింది.

"ఇంకాసేపాగి దాణా పెట్టండి! మర్చిపోకండి!"

నేనున్నానంటే నేనున్నానని నలుగురు మెంబర్లు ముందుకొచ్చారు. వాళ్లలో ఒక్కరూ సాయిసు భార్య వైపు తిరగలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆమె ముందుకు వచ్చి రిపోర్టు చూపించాడు.

"రాశానమ్మా."

"గట్టిగా చదవండి సార్. వీళ్లందరూ వినాలి."

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచి చదివాడు. మృతుడు మద్యం తాగి లేడు. గుర్రం తన్నలేదు. గుర్రానికి హాని జరుగుతోందని అడ్డుచెప్పినందుకు హత్య చేయబడ్డాడు.

ఆమె ఒక్కొక్క మాటకూ తల ఊపుతూ విన్నది. కన్నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

ప్రెసిడెంట్ గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒక మంచి మాట అంటాడేమోనని కానిస్టేబుల్ కూడా ఆగాడు.

"కొట్టం ఎప్పుడు కడిగించుకోవచ్చండీ? నెత్తురు వాసన గుర్రాలకు పడదు."

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచేలోపే సాయిసు భార్య జవాబు చెప్పింది.

"మీరే కడుక్కోండి. కడిగేవాడు చచ్చిపోయాడు."