ఖాళీ గడిలో తేదీ

శ్రీకాకుళంలో చినుకులు పడుతున్న ఒక మామూలు సాయంత్రం. వేటకెళ్ళే పడవల రాకపోకలు నమోదు చేసే ప్రైవేటు ఆఫీసులో అనిత కంప్యూటర్ ముందు విసుక్కుంటోంది. తుఫాను తర్వాత ఏ పడవ తిరిగొచ్చిందో, ఏది రాలేదో చెప్పే రిపోర్టు ఎంతకీ కుదరడం లేదు. తిరిగొచ్చిన తేదీ గడి ఖాళీగా ఉంటే డేటాబేస్‌లో దాన్ని నల్ అంటారు. నల్‌ని దేనితో పోల్చినా అవుననీ రాదు, కాదనీ రాదు. దాంతో ఆ పడవ వచ్చినవాటిలోనూ కనబడదు, రానివాటిలోనూ కనబడదు. మేనేజరు తిరుమలరావేమో నెత్తిమీద కూర్చున్నాడు. ఖాళీ అయితే ఈరోజు తేదీ పెట్టేసే ఫంక్షన్ ఒకటి తగిలించి, అనిత చేతులు దులుపుకుంది. పడవలన్నీ వచ్చేసినట్టు రిపోర్టు వచ్చింది. దాన్ని నమ్మి గాలింపు పడవలు వెనక్కి తిరిగాయి.

ఒక పడవ మాత్రం రాలేదు. అందులో గంగులు ఒక్కడే ఉన్నాడు.

ఆ ఖాళీ గడి ఎవరిదో మర్నాడు చూసుకుని అనిత కంగుతింది. చెబితే ఉద్యోగం పోతుంది. రిపోర్టును అలాగే ఉంచేసింది. పొద్దు గూకే వేళకి గంగులు భార్య బుల్లమ్మ ఆఫీసుకొచ్చింది. శాపనార్థాలు పెడుతుందనుకుంటే చేతులు పట్టుకుంది. మొగుడు వచ్చేశాడట, చూసి పొమ్మని ఆటోలో తీరాన ఉన్న తన ఇంటికి లాక్కెళ్ళింది.

ఇంట్లో దీపం లేదు. కుళ్ళిన నాచు వాసన. లోపలెక్కడో నీళ్ళు కారుతున్నాయి... టప్... టప్... గోడవైపు తిరిగి ఒక మనిషి కూర్చున్నాడు. భుజాలు కదలడం లేదు. ఊపిరి లేదు. ఒంటి మీంచి నీళ్ళు... కారుతూనే ఉన్నాయి.

"ఇతను... మీ ఆయన కాడమ్మా," అనిత గొణిగింది. "ఆఫీసులో నిజం చెప్పేస్తాను. మళ్ళీ వెతుకుతారు."

బుల్లమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. "వద్దు తల్లీ. వచ్చీసినాడని మీరు రాసినారు, వచ్చీసినాడు. ఆ రాసింది కొట్టీస్తే పోతాడు."

ఆ మాట అనితకు ఎంత హాయిగా ఉందో చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

మూడోనాడు పొద్దున్న శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. గంగులే. థర్మాకోల్ పెట్టెను రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు. ప్రాణం పోయింది రాత్రేనని డాక్టరు చెప్పాడు. అంటే అప్పటిదాకా... నీళ్ళల్లో బతికే ఉన్నాడు. ఎవరైనా వస్తారని చూస్తూనే ఉన్నాడు.

అనిత బుల్లమ్మకు ఫోన్ చేసి, విషయం చెప్పింది.

"ఆడెవుడో పాపం," అంది బుల్లమ్మ. "మా ఆయన ఇక్కడే ఉన్నాడు గదా. రాత్రే మొదటిసారి నోరిప్పినాడు."

"ఏమన్నాడు?"

"ఇంకెవులూ ఎతకరు గదా... అని నవ్వినాడు."