పలకకూడని మలుపు

చండ్రుగొండ దాటి అడవి దారి పట్టాక, బోడగుట్ట తండాకు తిరిగే చోట ఒక మలుపుంది. పొద్దుగూకితే ఆ మలుపులో ఎవరూ హారన్ కొట్టరు. సెల్లులో పాట పెట్టరు. ఫోన్ మోగినా ఎత్తరు.

ఎందుకంటే అక్కడ, పొదల చాటున, రాకాసి గుళ్ళు ఉన్నాయి. నాలుగు బండలు గోడల్లా నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పిన రాతి గదులవి. ముందున్న గోడబండకు చెయ్యి పట్టేంత గుండ్రని బెజ్జం ఒకటుంటుంది. ఆ బెజ్జంలోంచి పిలుస్తుందట... ఏదో ఒక గొంతుతో కాదు, మన సొంత మనిషి గొంతుతోనే. పలికామా — ఇక దాని మనుషులమైపోయినట్టే.

భద్రు అనే ఆయన ఒకసారి పలికి నెల్లాళ్ళు మంచం పట్టాడని తండా అంతా చెబుతుంది. ఆ రాత్రి భద్రు ఎంత తాగాడో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ మాటలు వింటే పడీపడీ నవ్వేవాడు హీరాలాల్ సారు. ఆ తండాలోనే పుట్టి, చదువుకుని, మండలంలో ఒక బడిలో సోషల్ చెబుతున్నాడు. ప్రాచీన నాగరికతల పాఠం వచ్చిందంటే ఆయనకు పూనకమే. పిల్లల్ని పట్టపగలు ఆ మలుపుకి నడిపించుకెళ్ళి, బండ మీద అరచేత్తో చరిచి మరీ చెప్పేవాడు.

"ఇవి గుళ్ళు కావురా, సమాధులు. వేల ఏండ్ల కింద ఈడ మనుషులున్నరు. ఇనుము కరగవెట్టిండ్రు, కుండలు చేసిండ్రు. జేసీబీలు లేని కాలంల గింత బండ లేపిండ్రంటే, సచ్చిపోయిన మనిషి మీద ఎంత పావురం, ఎంత ప్రేమ ఉండాలె? గీ బెజ్జం దయ్యం నోరు గాదు. లోపలున్నోళ్ళకు నీళ్ళు, బువ్వ అందిచ్చెటందుకు పెట్టిండ్రని కొందరంటరు."

పిల్లలు చప్పట్లు కొట్టేవారు. పగటిపూట అందరం ధైర్యవంతులమే కదా.

మొన్నటి వానాకాలంలో ఒకనాడు సారు టీచర్ల ట్రైనింగుకు వెళ్ళి తిరిగొస్తున్నాడు. ముసురు పట్టి తొందరగా చీకటి పడింది. సరిగ్గా మలుపులోనే బండి బురదలో దిగబడి ఆగిపోయింది. కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఇంజను దగ్గి ఊరుకుంది.

అప్పుడు వినిపించింది...

"హీర్యా..."

ఆయన్ని హీర్యా అని పిలిచేది లోకంలో ఒక్క మనిషే — తల్లి కమ్లి. ఆమె ఈ వేళకి ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఉండాలి. ఈ పిలుపేమో పొదల వెనక నుంచి, కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వస్తోంది.

"హీర్యా... ఓ హీర్యా... నేనురా..."

అమ్మ గొంతు. అందుకే అది అమ్మ కాదు. ఈ సంగతి చిన్నప్పుడు ఆయనకు నేర్పింది ఎవరనుకున్నారు? ఆ కమ్లే. ముద్దలు తినిపిస్తూ, "ఆడ నేను పిలిచినా సరే, పలకొద్దు బిడ్డా" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

జేబులో ఫోన్ మోగింది. ఎత్తలేదు. ఆగి, మళ్ళీ మోగింది... అయినా ఎత్తలేదు. ఇన్నేళ్ళ చదువూ పాఠాలూ ఎటు పోయాయో పోయాయి. పళ్ళు బిగబట్టి, బండిని నెట్టుకుంటూ పరుగెత్తాడు. ఎత్తు దిగుతుండగా ఇంజను అందుకుంది. వెనక నుంచి ఇంకోసారి పిలుపు — ఈసారి అందులో ఏడుపుంది.

ఇంటి వాకిట్లో భార్య సువర్ణ తడుస్తూ నిలబడి ఉంది.

"ఫోనెందుకు ఎత్తవు? అత్త ఇంకా రాలే! మేకపిల్ల తప్పిపోయిందని పొద్దుండంగ పోయింది."

"ఎటు పోయింది?"

"మలుపు దిక్కు."

హీరాలాల్ వీధిలోకి పరుగెత్తి అందర్నీ కేకేశాడు. మలుపులో విన్నది మాత్రం ఆమెకు చెప్పలేదు.

తండా మగవాళ్ళు బ్యాటరీ లైట్లు పట్టుకుని కదిలారు. మలుపు దగ్గరికి వెళ్ళాక జరిగింది అర్థమైంది. గుప్తనిధుల కోసం దొంగలెవరో ఒక గుడి కింద గుంత తవ్వి వదిలేశారు. మేకపిల్ల అందులోకి జారింది. దాని వెనకే కమ్లి దిగింది. నానిన మట్టి విరిగిపడి, పక్కబండ ఒరిగి, వచ్చిన దారి మూసుకుపోయింది. మిగిలింది ఆ బెజ్జం ఒక్కటే.

"యాడీ! నేను... హీర్యాను!" అమ్మా అని పిలవడం ఆ తండాలో అట్లాగే.

"వచ్చినవా..." లోపల్నుంచి సన్నటి గొంతు. "కాలు ఇరుక్కున్నది బిడ్డా."

గడ్డపారలు వేశారు. పై బండ కిర్రుమంది. మట్టి లోపలికి రాలింది, ఆమె కేక పెట్టింది. అందరూ గడ్డపారలు వదిలేశారు. ఇక ఎవరికీ చెయ్యి రాలేదు.

కోస్తా నుంచి వచ్చి ఆ పక్కనే పామాయిల్ తోట వేసుకున్న రైతు వెంకటరామారావు, కబురు అందగానే తన జేసీబీని పంపాడు. అది వాగులో దిగబడింది. ఆ సంగతి చెప్పడానికి ఆయనే గొడుగేసుకుని నడిచొచ్చాడు.

"ట్రాక్టరు కట్టి లాగిస్తున్నానయ్యా," అన్నాడు గుసగుసగా. "తెల్లారేదాకా... ఓర్చుకోవాలి సారూ."

ఓర్చుకోక చేసేదేముంది? సారు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, బెజ్జంలోకి చెయ్యి దూర్చాడు. సీసా మూతతో నీళ్ళందించాడు. సువర్ణ తెచ్చిన జొన్నరొట్టె తుంచి అందించాడు. లోపలున్నవాళ్ళకు నీళ్ళు, బువ్వ... పిల్లలకు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. లోపలున్నది బతికున్న మనిషి, బతికున్న మనిషి అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఇంతేసి బండలు ఆ మనుషులు ఎట్లా లేపారో! వాళ్ళలో ఒక్కడు ఎదురుపడితే కాళ్ళ మీద పడి అడిగేవాడే. పాఠంలో ఇనుముందని ఉంది, కుండలున్నాయని ఉంది. అమ్మ మీదున్న బండ ఎట్లా తీయాలో మాత్రం లేదు. ఏం చేయాలో తెలియక, కొడుకై ఉండి కూడా ఏమీ చేయలేక, ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు.

తెల్లవారుజామున లోపల మాట ఆగిపోయింది. ఎంత పిలిచినా పలుకు లేదు.

వెలుగు వచ్చాక జేసీబీ వచ్చింది. గొలుసులు బిగించి పై బండ లేపారు. లోపల కమ్లి ముడుచుకుని పడుకుని ఉంది. ఒడిలో మేకపిల్ల. ముందు అది అరిచింది... తర్వాత ఆమె కళ్ళు తెరిచింది.

దవాఖానాకు వెళ్ళే 108 బండిలో ఒక పక్క సువర్ణ, ఒక పక్క సారు. కాలికి కట్టు కట్టారు, ప్రాణానికి భయం లేదన్నారు. కమ్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆమె మొహంలో ఎంత సంబరమో!

"నువ్వు పలికినవ్ గనకనే బతికిన బిడ్డా. చీకటి పడంగనే నీ బండి సప్పుడు ఇని పిలిచిన. పలకొద్దని నేనే చెప్పిన గదా, పలుకుతవో లేదో అని బుగులైంది. ఏడుపొచ్చి ఇంకోపారి పిలిస్తె, 'ఓ యాడీ' అని ఎంటనే పలికినవ్."

సువర్ణ మొగుడి వైపు చూసింది. సారు కిటికీ వైపు చూశాడు.

"'బయపడకు, గీ బండ మీద పడది, మేం నిలవెట్టిందే' అన్నవ్. నాకు నవ్వొచ్చింది. నువ్వెప్పుడు నిలవెట్టినవ్‌రా!"

ఆమె నవ్వింది. ఆ నవ్వు మెల్లగా సన్నబడింది. చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"గానీ హీర్యా... బండి సప్పుడు దూరం పోయినంక గూడ నువ్వు మాట్లాడుతనే ఉంటివి. బెజ్జం దిక్కు నుంచి గాదు... నా ఈపు ఎనకనుంచి. అంత ఇరుకుల నువ్వెట్ల పట్టినవ్ బిడ్డా?"

అప్పుడే కదిలిన బండి ఆ మలుపు తిరుగుతోంది. పగలే అయినా డ్రైవరు అలవాటుగా సైరన్ ఆపేశాడు.

"హీర్యా?" అంది కమ్లి. "నిన్నేరా..."

హీరాలాల్ ఈసారి కూడా పలకలేదు.