పదకొండో స్లయిడ్

ఉదయం ఏడున్నరకే నాన్న భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో భద్రతాధికారి ఆయన. పదింటికి రెండు వందల మంది కార్మికుల ముందు ప్రమాదాల గురించి మాట్లాడాలి. మాటలన్నీ ఆయనవే. స్లయిడ్లలో బొమ్మలు మాత్రం కూతురు పెట్టింది, ఆ పని ఆయనకి చేతకాదు.

"పదకొండోది అదిరిందే! ఎవరి బండి చక్రమే ఇది?"

"ఫ్రెండుది నాన్నా." అంది అమ్మాయి.

ఫ్రెండూ లేదు, పాడూ లేదు. ఆ వంకరపోయిన చక్రం ఆమె స్కూటర్‌దే. మూడు వారాల క్రితం మలుపులో జారిపడింది. వెనక అమ్మ కూర్చుంది. అప్పుడు నాన్న పని మీద పది రోజులు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆయన వచ్చేలోగా బండి బాగుచేయించారు, అమ్మ నుదుటి మీది కుట్లను జుట్టుతో కప్పేశారు. అంతటితో ఊరుకోవచ్చుగా! "నెట్‌లో బొమ్మలొద్దు, నిజమైన ఫోటో కావాలి" అని ఆయన ఆదివారమంతా ప్రాణం తోడేస్తే, ఇన్సూరెన్సు కోసం తీసిన ఫోటోలో చక్రం ఒక్కటే ఉంచి మిగతాది కత్తిరించి పెట్టింది. కత్తిరించింది పోయినట్టే అనుకుంది పిచ్చిమొద్దు.

"పక్కన ఈ రాయెందుకు? ఇంకాస్త కత్తిరిద్దాం."

"ఇటివ్వు నాన్నా, నేను చేస్తా."

"ఉండవే, నేనూ నేర్చుకోవాలిగా."

ఆయన కత్తిరింపు గుర్తు నొక్కాడు. కత్తిరించాక కూడా ఫోటోలోనే దాగి ఉన్నదంతా చక్రం చుట్టూ మసకమసకగా బయటికొచ్చింది. స్కూటర్, దాని నంబరు, ఫుట్‌పాత్ అంచున కూర్చుని నెత్తురోడుతున్న నుదుటిని రుమాలుతో అదుముకుంటున్న అమ్మ.

నాన్న తెర మీదికి వంగి ఫోటోలోని అమ్మ నుదుటి మీద వేలు పెట్టాడు. ఆయన అరవకుండా ఉండటం అమ్మాయికి ఇంకా భయంగా అనిపించింది.

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలా! దెబ్బ తగిలితే దాచకండ్రా అని ఊరందరికీ చెబుతానే, నా ఇంట్లో నాకే దాస్తారా?" బల్ల మీద గుద్దాడు. గ్లాసు దొర్లి కిందపడి భళ్ళున పగిలింది. అమ్మాయి గోడకి అతుక్కుపోయింది. వంటింట్లోంచి అమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి కూతురికి అడ్డంగా నిలబడింది.

"దాన్నేమీ అనకండి. చెప్పొద్దన్నది నేనే."

"ఎందుకు? నాకు బీపీ పెరుగుతుందనా?"

"బీపీ పెరిగితే మాత్ర వేసుకుంటారండీ. మీ గొంతు పెరిగితే వేసుకోవడానికి మా దగ్గర మాత్రల్లేవు." అమ్మ జుట్టు పక్కకి తోసి నుదుటి మీది మచ్చ చూపించింది. "కుట్లు వేస్తుంటే ఏడ్చాను. నొప్పికి కాదు. మీకు తెలిస్తే ఎలారా దేవుడా అని ఏడ్చాను."

ఆయన ఆ మచ్చకేసి చూశాడు, తర్వాత కూతురికేసి. ఇద్దరూ తనవైపే చూస్తున్నారు. ఇంకేం పగలగొడతాడోనని చూస్తున్నారు. ఆ భయం తనను చూసేనని ఆయనకి అర్థమైంది. కింద కూర్చుని గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాడు.

"కదలకండి, గుచ్చుకుంటాయి" అన్నాడు మెల్లగా. తలెత్తకుండానే అడిగాడు. "చాలా రక్తం పోయిందా?"

అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోయిందండీ. నేను చచ్చిపోతాననుకున్నాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ స్లయిడ్ తీసెయ్యి తల్లీ. మీరు దాచారని కాదు. నాకు భయపడి దాచారు. ఇక నేను వాళ్ళకేం చెప్పను?"

అమ్మాయి గోడ వదిలి రెండడుగులు ముందుకేసింది. తర్వాత ఆయన పక్కన కూర్చుని, ఆయన చేతిలోని గాజుముక్కలు ఒక్కొక్కటే తీసుకుంది.

"ఇదే చెప్పు నాన్నా" అంది.