నర్సే చంపింది

మెట్ల మీద రెండు జతల కాళ్ల చప్పుడు వినిపించింది. ఒక జత గడియారంలా టకటకా పడుతోంది. రెండో జతలో ఒక కాలు కొంచెం ఈడుస్తోంది. పెద్దమ్మ కాఫీ కప్పు కింద పెట్టి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇద్దరు వస్తున్నారు. అందులో ఒకరికి భయంతో పై ప్రాణాలు పైనే పోతున్నాయి," అంది.

"ఎలా కనిపెట్టావు పెద్దమ్మా?" బుజ్జి నోరు తెరిచాడు.

"ఇంత పొద్దున్నే మన గడప తొక్కేది భయపడ్డవాళ్లు కాక శుభలేఖలు పంచేవాళ్లా?"

పెద్దమ్మ పేరున్న ప్రైవేటు డిటెక్టివు. బుజ్జి ఆమె చెల్లెలి కొడుకు, అసిస్టెంటు. ముప్పై దాటి, గుమ్మంలోంచి పక్కకి తిరిగి దూరాల్సినంత మనిషయ్యాక కూడా అతను బుజ్జే. అతను పిలవడం విని విని క్లయింట్లూ, పోలీసులూ, చివరికి ఆమె పట్టిచ్చిన దొంగలూ ఆమెను పెద్దమ్మా అనే పిలుస్తారు.

వచ్చినవాళ్లు అక్కచెల్లెళ్లు. చెల్లెలు సినిమా నటి. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. అక్క ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించింది. చెల్లెలు నోరు తెరవబోతుంటే పెద్దమ్మ ఆపింది.

"ఆగమ్మా. సినిమా గొడవలా ఉంది. కథ విననివాడు ఒకడు నాకు పనికొస్తాడేమో. బుజ్జీ, కిందికెళ్లి కాఫీలు పట్రా. పిలిచేదాకా రాకు."

బుజ్జి మొహం మాడ్చుకుని వెళ్లాడు. అప్పుడు చెల్లెలు చెప్పింది.

"ఇన్నేళ్లూ హీరోయిన్ పక్కన నిలబడే వేషాలేనండీ. ఈ నర్సు వేషం ఒక్కటే నాది అనిపించింది. సినిమా మొదట్లోనే ఒక ముసలాయన్ని చీకట్లో చంపుతారు. చంపినవాళ్లు కనపడరు, అడుగులు మాత్రం వినపడతాయి. తర్వాత కథ ఆ హత్యకు ముందు రోజులకి వెళ్తుంది. అనుమానం కొడుకు మీదికి, డాక్టరు మీదికి పోతుంది. చివరికి చూస్తే చంపింది నర్సు. అదే సినిమాకి ప్రాణం. విడుదలకు ముందు ప్రివ్యూ వేసి చూపిస్తే, ఆ సంగతి ఇంటర్వెల్ కే జనం చెప్పేస్తున్నారు! నేనే ఎవరితోనో వాగానని డైరెక్టరుగారు అంటున్నారు. రేపు సాయంత్రానికి తేలకపోతే చివరి ఘట్టం మళ్లీ తీసి, హంతకుణ్ణి డాక్టర్ని చేస్తారట. అప్పుడు నాకు మిగిలేది ముసలాయనకి మందుబిళ్లలు అందించడమే."

"వాగావా?"

"మా అమ్మ మీద ఒట్టండీ."

పెద్దమ్మ అక్క వైపు తిరిగింది. "నువ్వేం చేస్తుంటావమ్మా?"

"అదే సినిమాకి చప్పుళ్లు చేస్తాను. షూటింగులో అడుగులూ, తలుపులూ సరిగ్గా రికార్డవ్వవు. తెర మీద బొమ్మ చూస్తూ మేం మళ్లీ చేస్తాం. తెర మీద ఇది నడుస్తుంది, చప్పుడు నాది," అంది అక్క. ఆ మాట నవ్వుతూనే అంది. "ఇది పచ్చగా ఉంటే ఓర్వలేనివాళ్లు ఎందరో. దిష్టి తగిలిందండీ."

వాళ్లు వెళ్లాక బుజ్జి చల్లారిన కాఫీలతో పైకొచ్చాడు. "ప్రపంచానికంతా చెప్పేవి నాకొక్కడికీ దాస్తావేం?"

"ఇవాళ నీ విలువంతా నీకేమీ తెలియకపోవడంలోనే ఉందిరా," అంది పెద్దమ్మ, పర్సు అందుకుంటూ. ఆ మాటను పొగడ్త అనుకోవాలో తిట్టు అనుకోవాలో అతనికి మధ్యాహ్నం దాకా తేలలేదు.

ప్రివ్యూ థియేటర్లో డైరెక్టరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బుజ్జిని బయటే కూర్చోబెట్టి పెద్దమ్మ లోపలికి వెళ్లింది.

"నా కడుపు మీద కొట్టారండీ! ఆ మలుపు కోసం రెండేళ్లు నిద్రపోలేదు. మొదటిసారి వేసినప్పుడు సౌండు పని కూడా కాలేదు, నటుల మాటలు తప్ప ఇంకేం లేవు. అయినా ఒక్కడు కనిపెట్టలేదు. అన్నీ అమర్చి మళ్లీ రెండుసార్లు వేస్తే, రెండుసార్లూ ఇంటర్వెల్లోనే నర్సు నర్సు అని గోల! మధ్యలో ఎవరో చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

"ముగింపు తెలిసినవాళ్లెవరు?"

"మొదటిసారి చూసినవాళ్ల చేత ఎవరికీ చెప్పమని ఒట్టు వేయించుకున్నాను. వాళ్లు కాక నేనూ, ఎడిటరూ, ఆ అమ్మాయీ, వాళ్లక్కా. అంతే."

మూలన కూర్చున్న ఎడిటరు గబుక్కున లేచాడు. "నన్నెందుకు చూస్తారు?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకు నాయనా. ఎవరూ చూడలేదు," అంది పెద్దమ్మ. "సినిమాలో ఏమైనా మార్చావా?"

"ఒక్క ఫ్రేము మార్చలేదు. మొదటిసారి చూపిన బొమ్మే ఇప్పుడూ ఉంది. కుళ్లు లేదా అంటే ఉంది. ఇలాంటి కథ నాకు తట్టలేదే అని రోజూ ఏడుస్తాను. అలాగని కూర్చున్న కొమ్మ నరుక్కుంటానా? ఇందులో నా పేరూ ఉందిగా!"

కుళ్లు ఉందని ఒప్పుకున్నవాడి మీద పెద్దమ్మకు సగం అనుమానం అక్కడే పోయింది. దాచుకున్న కుళ్లే పుండవుతుందని ఆమె నమ్మకం.

తర్వాత ఆమె ప్రివ్యూ చూసినవాళ్ల ఇళ్లకు వెళ్లింది. ఒక రిటైర్డు టీచరమ్మ స్వెట్టరు అల్లుతూ తలుపు తీసింది.

"మీకెవరు చెప్పారండీ నర్సని?"

"నాకెవరు చెప్తారు? సినిమా మొదలైన కాసేపటికే నాకే తెలిసిపోయింది."

"ఏం చూసి?"

"చూసి అంటే..." టీచరమ్మ తడబడింది. "నిజం చెప్పొద్దూ, నేను అల్లిక మీదే ఉన్నాను. ఆ పిల్ల వంటింట్లోకి వచ్చినప్పుడు ఎందుకో ఒళ్లు జలదరించింది. ఇదే, ఇదే అనిపించింది. ఆ తర్వాత ఇక అల్లితే ఒట్టు. ఆ పిల్ల ముసలాడి గదిలోకి వెళ్లినప్పుడల్లా, వద్దే తల్లీ, వెళ్లకే అని చేతులు పిసుక్కుంటూనే ఉన్నా."

పక్క వీధిలో ఒక ముసలి దంపతులు. భార్యకు ఇంటర్వెల్ కే తెలిసిందట. చెవుడున్న భర్తకు తెర అడుగున పడే మాటలు చదువుకుంటూ చూసినా చివరిదాకా తెలియలేదు.

"మోసమండీ!" ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఉన్నట్టుండి నర్సంటాడు! ముందు ఒక్క ముక్కయినా అందించొద్దా? నేను విసురుగా లేచొచ్చేశాను."

"పక్క సీట్లో కూర్చుని ఈవిడ చెప్పలేదా?"

"చెప్పాను," అంది భార్య నిట్టూరుస్తూ. "ఆయనకెప్పుడు వినపడింది గనక?"

పెద్దమ్మ తిరిగి థియేటరుకు వెళ్లి, తనకూ బుజ్జికీ మాత్రమే సినిమా వేయించుకుంది. కూర్చోగానే సంచీలోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకుంది. ఏసీ చలికి కాబోలనుకున్నాడు బుజ్జి.

"నువ్వు కళ్లు మూసుకోరా."

"సినిమాకొచ్చి కళ్లు మూసుకోవడమేంటి పెద్దమ్మా?"

"మూసుకోమన్నానా!"

తెర మీద నర్సు ఇల్లంతా తిరుగుతోంది. నడక దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. పెద్దమ్మ ఆ కాళ్ల మీంచి చూపు తిప్పలేదు. ఇంటర్వెల్లో దూది తీసి, "చెప్పరా, చంపిందెవరు?" అంది.

"ఆ ముసలాయనకి మందులిచ్చే ఆవిడ," అన్నాడు బుజ్జి ఠక్కున. తర్వాత తనే ఆశ్చర్యపోయాడు. "అలా ఎందుకన్నానో తెలీదు పెద్దమ్మా. అనిపించింది."

అక్క పనిచేసే గది ఆ థియేటరు వెనకే. నేల మీద వరసగా ఒక బండరాయి, ఒక చెక్క, ఒక ఇసుక తొట్టి. గోడకి మూడు పాత తలుపులు. అరల నిండా చెప్పులు. బుజ్జి చిన్నపిల్లాడిలా తలుపులు తీసి వేస్తుంటే పెద్దమ్మ అక్కను అడిగింది.

"హంతకుడికి ఏ జోళ్లు వేశావమ్మా?"

"ఇవిగో. పెద్ద బూట్లు. నర్సుకి ఈ రబ్బరు చెప్పులు."

"ఆ బూట్లతో ఒకసారి డైరెక్టరులా నడుస్తావా?"

అక్క కళ్లు మెరిశాయి. బండ మీద నడిచింది. విసురుగా, మడమలు కొడుతూ, ఉన్నట్టుండి ఆగి. డైరెక్టరే. అడగకుండానే ఎడిటరులా నడిచింది, బుజ్జిలా నడిచింది. బుజ్జికి తన బరువెంతో తెలిసి సిగ్గేసింది.

"ఎవరి నడకా కాకుండా కూడా నడవగలవా?"

"అదే కష్టం. అయినా నడుస్తాను." అక్క నడిచింది. ఆ అడుగులకు మనిషి లేడు. "పొరపాటున కూడా ఒక చప్పుడు ఇంకోదాంట్లో కలవదండీ, నా చేతిలో. కాదు, నా కాళ్లలో."

"అదే అడుగుదామనుకున్నా," అంది పెద్దమ్మ. ఆమె మొహంలో కేసు తేలిన సంతోషం కనపడకపోవడం బుజ్జికి వింతగా తోచింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ ప్రివ్యూ థియేటర్లో కూర్చున్నారు. డైరెక్టరు, ఎడిటరు, అక్కచెల్లెళ్లు, వెనక వరసలో టీచరమ్మ, ముసలి దంపతులు. పెద్దమ్మ తెర ముందు నిలబడింది.

"మీ మలుపు ఎవరూ నోటితో బయటపెట్టలేదు. దాన్ని సినిమాయే చెప్పేస్తోంది. మొదటిసారి మాటలు తప్ప చప్పుళ్లు లేవు, ఎవరికీ తెలియలేదు. తర్వాత బొమ్మ మారలేదు, చప్పుళ్లు చేరాయి, అందరికీ తెలిసింది. అల్లిక మీద కళ్లున్న టీచరమ్మకి తెలిసింది. కళ్లు మూసుకున్న మా బుజ్జికి తెలిసింది. వినపడని పెద్దాయనకి మాత్రం తెలియలేదు. సంగతి చెవుల్లోంచి పోతోంది. ఎడిటరు బాబూ, బొమ్మ ఆపేసి హత్య సీను వినిపించు."

చీకట్లో బూట్లు నడిచాయి. టక్, టక్, సర్... టక్, టక్, సర్.

"ఇప్పుడు వంటింట్లో నర్సు."

మెత్తటి చెప్పులు. టప్, టప్, సర్... టప్, టప్, సర్. డైరెక్టరు సీట్లోంచి లేచాడు.

"జోళ్లు వేరు, మనిషి ఒకటే. మనకి తెలియకుండానే చెవి పోల్చేసుకుంటుంది," అంది పెద్దమ్మ. "చెల్లెమ్మా, తలుపు దాకా ఒక్కసారి నడువు. షూటింగు అనుకోకు, ఇంట్లో నడిచినట్టు."

చెల్లెలు కదల్లేదు. తెల్లబోయి అక్కను చూస్తోంది.

"చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డాను. ఎడమకాలు ఈడుస్తుంది," అంది నెమ్మదిగా. "తెర మీద అది కనపడకూడదని ఏడాది కష్టపడ్డాను. తిన్నగా నడవడం నేర్పింది అక్కే. నువ్వే నేర్పావు కదే? మరి ఆ చప్పుడు మళ్లీ ఎందుకు పెట్టావు?"

"పొరపాటున వచ్చి ఉంటుందిలే," అన్నాడు ఎడిటరు జాలిగా.

"రాదు," అంది పెద్దమ్మ. "నిన్న నాకు నడిచి చూపించింది. ఆమె కాళ్లలో పొరపాటు లేదు."

అక్క తలెత్తింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"అవును, కావాలనే చేశాను. ఈ వేషానికి ఇద్దరం వచ్చాం. మీరు నన్ను చూసి ఏమన్నారో గుర్తుందా డైరెక్టరుగారూ? 'మొహం తెర మీద నిలవదు, కాళ్లు మాత్రం బంగారం' అన్నారు. సరే అని ఆ బంగారాన్నే ఇచ్చాను. రోజూ తెర మీద దీని మొహం చూస్తూ దీని నడక నడిచాను. నడక నాది, వేషం దానిది. చూడలేకపోయానండీ! కడుపు మండిపోయింది. ఆ మలుపు తుస్సుమంటే ఆ సీను తీసేస్తారనుకున్నాను. దాన్నే దొంగంటారని మాత్రం అనుకోలేదు. అన్నాక, నోరు పెగల్లేదు."

"నిన్న నా చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించావే," అంది చెల్లెలు. ఆ గదిలో అంతకంటే పెద్ద నేరారోపణ ఇంకెవరూ చెయ్యలేదు.

డైరెక్టరు ఊగిపోయాడు. "ఈ రాత్రికే చప్పుళ్లన్నీ తీయించేస్తా! ఎవరిదీ కాని నడక పెట్టిస్తా! నా మలుపు నాకు కావాలి!"

"తీయించండి, సినిమా మీది," అంది పెద్దమ్మ. "ముందు ఒక్కటి అడగండి. పెద్దాయనకి మీరు కోరుకున్నట్టే చివరిదాకా తెలియలేదు. ఎలా ఉందట?"

భార్య ఆయన చెవిలో అరిచింది. "మోసం!" అన్నాడాయన మళ్లీ.

"తెలిసిపోయిన టీచరమ్మా, మీరెందుకు లేచి వెళ్లిపోలేదు?"

"ఎలా వెళ్తానండీ? తెలుసు కాబట్టే కాళ్లు రాలేదు. కాదేమో, నాదే పాపపు ఆలోచనేమో అని చివరిదాకా దేవుడికి మొక్కుకున్నా. ఆ పిల్లే అని తేలినప్పుడు ఏడ్చేశాను."

డైరెక్టరు మళ్లీ సీట్లో కూర్చున్నాడు. రెండేళ్ల తన తెలివి పనిచెయ్యని చోట, ఒకావిడ కడుపుమంట పనిచేసింది. ఇప్పుడు అసూయ పడే వంతు ఆయనది.

"ఉంచండి," అన్నాడు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "సీనూ మార్చను. ఆ అమ్మాయే నర్సు."

సినిమా విడుదలైన రోజు ఆట వదిలేసరికి జనం ఆ నటిని చుట్టుముట్టారు. పెద్దమ్మా, బుజ్జీ వెనక నిలబడ్డారు. అక్క అందరికంటే వెనక, గోడకానుకుని ఉంది. ఆ మధ్యాహ్నం తర్వాత చెల్లెలు ఆమెతో మాట్లాడలేదని బుజ్జి విన్నాడు.

ఒకావిడ నటి రెండు చేతులూ పట్టేసుకుంది. "ఎంత బాగా చేశావమ్మా! ఆ నడక! నడకలోనే అంతా చెప్పేశావు కదా!"

చెల్లెలు తల తిప్పి గోడ వైపు చూసింది. "నడిచింది నేను కాదండీ. అదుగో, మా అక్క," అంది గట్టిగా.

ఆవిడ పకపకా నవ్వింది. "చూశారా, ఎంత వినయమో! ఎంత ఎదిగితే అంత ఒదగడమంటే ఇదీ!" జనం చప్పట్లు కొట్టారు. అక్క వైపు ఒక్కరూ తిరగలేదు.

జనం పలచబడ్డాక చెల్లెలు ఎడమకాలు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. దాచుకోలేదు.

"చెప్పాను కదే. నమ్మలేదు వాళ్లు."

"నిన్ను ముంచుదామని చేసింది కూడా నీ మెళ్లో దండే అయింది," అంది అక్క. "ఇప్పుడు కూడా కుళ్లుకుని చచ్చిపోతున్నానే."

"తెలుసు," అంది చెల్లెలు. చెయ్యి చాచింది. "పద. మెట్లున్నాయి, పట్టుకో నన్ను."

ఇద్దరూ దిగిపోయారు. బుజ్జి కళ్లు తుడుచుకుని అడిగాడు: "అక్కే చేసిందని నీకు మొదటే ఎలా తట్టింది పెద్దమ్మా?"

"నాకూ ఒక చెల్లెలుంది కదరా," అంది పెద్దమ్మ. "వాళ్లమ్మ వండింది అమృతమంటూ నా ఇంట్లోనే తిరిగే కొడుకు కూడా ఉన్నాడు దానికి. నడు, ఆకలేస్తోంది."