ఎడమవైపు రంధ్రం

ఆమె గేటు దూకేస్తుంది.

మోకాలు చీరుకుపోయింది. చూసుకునే టైమ్ లేదు. వెనక టార్చిలైటు గోడ మీద పాకుతూ వస్తోంది...

"ఆగండి మేడమ్! ఎంత దూరమని పరిగెడతారు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు. కుర్రాడు, కొత్తగా వచ్చాడు.

ఆమె ఆగదు. బ్యాగులో అరచేతంత ఇనుపముక్క ఉంది. తను పనిచేసే ల్యాబ్‌లోంచి తనే దొంగిలించింది! ఆఫీసు పెన్సిలు కూడా ఏనాడూ ఇంటికి తెచ్చుకోని మనిషి.

రేపే విచారణ. ముప్పై ఏళ్ల కిందట మునిగిన యుద్ధనౌకను ఎవరు ముంచారో ఆమే చెప్పాలి.

శత్రువే ముంచాడని లోకమంతా నమ్మింది. ఆమె నాన్న పోయింది ఆ ఓడలోనే.

కానీ ఇనుముకు మొహమాటం లేదు.

పైకి తీసిన ఓడకు ఎడమవైపు రంధ్రం. అంచులు లోపలికి ముడుచుకుపోయాయి. అంటే దెబ్బ బయటినుంచే తగిలింది. శత్రువు ఉన్నది కుడివైపు. ఎడమవైపు ఉన్నది తోడుగా వెళ్లిన మన ఓడ ఒక్కటే!

లోపలి గోడలో ఇరుక్కున్న గుండు ముక్కను టెస్ట్ చేసింది. నమ్మలేక మళ్లీ చేసింది.

మన లోహమే. మన గుండే.

ఆ రాత్రి తోడు ఓడలో ఫిరంగి పేల్చింది... బాబాయి.

నాన్న ప్రాణస్నేహితుడు. నాన్న పోయాక, పెళ్లి కూడా మానుకుని ఆమెను పెంచాడు. జడ వేయడం రాక జుట్టంతా చిక్కుచేసి, స్కూలుకి లేటైతే టీచరు దగ్గర తనే తిట్లు తినేవాడు. ఈ సంగతి తెలిస్తే ఆ ముసలిప్రాణం నిలవదు.

అందుకే ముక్క సముద్రంలో కలిసిపోవాలి.

రేవు గట్టు. బాబాయి ఆమెకు ఈత నేర్పిన చోటు. ముక్క తీసి చెయ్యెత్తుతుంది...

ఎవరో మణికట్టు పట్టుకుంటారు!

"పారెయ్యకు అమ్మడూ."

బాబాయి!

"నువ్వెందుకొచ్చావ్ బాబాయ్? ఇంటికెళ్లు."

"ముక్క పోయిందని ల్యాబ్‌వాళ్లు ఫోన్ చేశారు. నువ్వెక్కడికొస్తావో నాకు తెలీదా?"

"ఇదా? ఏం లేదు. పాత ఇనుము."

"నాకు ఆ రాత్రే తెలుసమ్మా. చీకట్లో ఏదో నల్లగా కదిలింది. ఎవరో ఏమిటో చూసుకోకుండా పేల్చేశాను. మంట లేచాక ఆ వెలుగులో చూశాను... మీ నాన్న ఓడ."

ఆమె ఎత్తిన చెయ్యి కిందికి దిగుతుంది.

"ఆ ఓడను పైకి తియ్యమని ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది నేనే. నోటితో చెప్పే ధైర్యం లేక. నీ చేతే పరీక్ష చేయిస్తారని కలగనలేదు తల్లీ."

కోపం రావాలి. రావడం లేదు. నాన్నను చంపిన చెయ్యి, జ్వరమొస్తే తెల్లవార్లూ తల నిమిరిన చెయ్యి ఒకటే. ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంది.

"ఇటివ్వు. నేనే తీసుకెళ్లి ఇస్తాను. దొంగతనం నీ మీదకి రాకూడదు."

"వద్దు బాబాయ్..."

టార్చి గట్టు మలుపు తిరుగుతుంది. ఆమె చేతిలోది లాక్కుని బాబాయి అప్పటికే ఎదురెళ్తున్నాడు. ముక్క పట్టుకున్న చెయ్యి ముందుకు చాచి, త్వరత్వరగా.

"ఎవరది? చేతిలో ఏంటది? కింద పడెయ్!"

"ఇదిగో బాబూ, మీకు కావలసింది ఇదే..."

ఢాం!

ఇనుపముక్క రాళ్ల మీద ఠంగుమంటుంది.

"గన్ అనుకున్నాను," కుర్ర ఇన్‌స్పెక్టర్ పరిగెత్తుకొస్తాడు. "చీకట్లో గన్ అనుకున్నాను మేడమ్..."

ఆమె బాబాయి తలను ఒళ్లోకి తీసుకుంటుంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. వంగి వింటుంది.

"ఆ పిల్లాణ్ణి ఏమీ అనకు అమ్మడూ... ఇంక వాడికి ఏ రాత్రీ నిద్ర పట్టదు."