మోజుముల్లు

ఆ ఊళ్లో గోడలకు పిల్లల పేర్లన్నీ తెలుసు.

"పైడితల్లీ, నీ చెప్పుల రంగు వెలిసిపోయింది, చూసుకున్నావా?" అంటుంది ఒక గోడ. నాలుగడుగులు వేసేసరికి ఇంకో గోడ అందుకుంటుంది. "మీ క్లాసులో అందరికీ ఉందమ్మా. నీకొక్కదానికే లేదు." గొంతైనా ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్లది కాదు. ఏ పిల్లకి ఎవరంటే ప్రాణమో వాళ్ల గొంతే. పైడితల్లికి మేనత్త గొంతుతో వినిపించేది.

అది 2096. ఊరి పేరు తేలుపాలెం. సముద్రం మీద బోలు సిమెంటు తెప్పలు, వాటి మీద ఇళ్లు, బడి, బజారు. అయిదేళ్లు నిండిన ప్రతి బిడ్డకీ సొంత ఖాతా ఉండేది. ఆ డబ్బుకు కన్నవాళ్లు కూడా అడ్డం రాకూడదని చట్టం. దాన్ని రాయించింది పిల్లల మీద ప్రేమున్నవాళ్లు కాదని వేరే చెప్పాలా? నోట్లు, నాణేలు పోయి యాభై ఏళ్లయింది. డబ్బంటే ఎలా ఉంటుందో ఏ బిడ్డా ఎరగదు. వేలు చూపిస్తే వస్తువు వస్తుంది, అంతే.

సన్యాసినాయుడు ఈ గోడల పక్క నుంచే రోజూ ల్యాబుకి నడిచేవాడు. నరాల సంకేతాలు చదివే పరికరాలు చెయ్యడం ఆయన పని. అరవై నాలుగేళ్ల మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

"నాయుడుగారూ, మీ మోకాలికి మంచి పట్టీ వచ్చింది" అనేది గోడ.

"నీ నోటికి పట్టీ నేను కనిపెడతాను, ఉండు" అనేవాడు నాయుడు. అన్నట్టే కనిపెట్టాడు. ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

వేలెడంత పరికరం అది. ఎడమచేత్తో వస్తువు పట్టుకుని, కుడి బొటనవేలు దాని మీద ఆనిస్తే చాలు. కోరిక పుట్టినప్పుడే అది ఎప్పుడు చస్తుందో కూడా మనిషి నరాల్లో రాసి ఉంటుందని నాయుడు తేల్చాడు. నాడి, చెమట, న్యూరల్ సిగ్నల్స్ కలిపి ఆ క్షీణరేఖను, అంటే డికే కర్వ్‌ను పరికరం గీస్తుంది. ముల్లు తిరిగి ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఆ వస్తువు మీద నీ మోజు అన్ని రోజులే. మెరిసే చెప్పులకి పదకొండు. ఎగిరే చేపబొమ్మకి మూడు. నిజంగా కావలసిన వస్తువైతే ముల్లు అసలు కదలదు. పళ్లు తోముకునే బ్రష్షు మీద ఎవరికి మోజుంటుంది?

పత్రికల్లో దాన్ని క్రేవింగ్ మీటర్ అన్నారు. ల్యాబులో ఆయన దగ్గర పనిచేసే దేవుళ్లమ్మ మోజుముల్లు అంది. పిల్లలకి ఆ పేరే నచ్చింది.

బడిలో నలభై మంది పిల్లలకు ఇచ్చి ఏడాది చూశారు. మూడో నెలకే వాళ్ల కొనుగోళ్లు సగానికి పడిపోయాయి. గోడలు ఎంత తియ్యగా పిలిచినా పిల్లలు వస్తువు పట్టుకోవడం, ముల్లు చూడడం, "నాలుగురోజులే అత్తా!" అని నవ్వి పెట్టెయ్యడం. గోడకి అత్త గొంతు ఉంది గానీ అత్త సిగ్గు లేదు కదా, మళ్లీ పిలిచేది.

విక్రేతల సమాఖ్య ఊరుకుంటుందా? పిల్లల సంతోషాన్ని యంత్రంతో చంపుతున్నారని బాలల మండలికి ఫిర్యాదు చేసింది. మోజుముల్లు నిషేధించాలో, దేశంలో ప్రతి బడికీ ఇవ్వాలో మండలి తేల్చాలి. విచారణ రోజు పొద్దున్న దేవుళ్లమ్మ, "మాస్టారూ, కాస్త మెత్తగా మాట్లాడండి. వాళ్లు పెద్దవాళ్లు" అంది.

"పెద్దవాళ్లయితే? పిల్లల చేతిలోంచి నా ముల్లు లాక్కోమను, చూద్దాం."

మండలి హాలు కిటకిటలాడుతోంది. సాక్షి పైడితల్లి. పదేళ్ల పిల్ల, వలలు అల్లేవాళ్ల ఇంటిది. ఏడాదిలో ఒక్క వస్తువు కూడా కొనని ఏకైక బిడ్డ. నాయుడుకి ఆ పిల్లను చూస్తే ఛాతీ పొంగేది.

సమాఖ్య మనిషి ఉపేంద్ర బల్ల మీద ఇరవై వస్తువులు పరిచాడు. పాడే గొడుగు, రంగు మారే లంగా, చేతిలో ఇమిడే ఏనుగు. పెద్దవాళ్లకే చెయ్యి దురద పెట్టేటట్టున్నాయి.

"ఏది కావాలన్నా తీసుకోమ్మా. ఊరికే" అన్నాడు.

పైడితల్లి గొడుగు పట్టుకుంది. ముల్లు చూసింది. "ఆరు రోజులు." పెట్టేసింది. లంగా, "తొమ్మిది." ఏనుగు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "రెండే!"

"మళ్లీ చూడమ్మా, ఎంత ముద్దుగా ఉందో."

"నువ్వే ఉంచుకో బాబూ. రెండు రోజులయ్యాక నీకూ అక్కర్లేదు."

హాలంతా గొల్లుమంది. నాయుడు జీవితంలో మొదటిసారి పదిమందిలో నవ్వాడు. అధ్యక్షురాలు సుభాషిణి కళ్లు తుడుచుకుని, అనుమతి పత్రం మీద అక్కడికక్కడే సంతకం చేసింది. ఆ తర్వాత తన సంచీలోంచి గాజుబిళ్ల ఒకటి తీసింది. ముచ్చట కోసం డబ్బుకి ఇలా ఒక రూపం ఇచ్చి, బహుమతిగా చేతిలో పెట్టడం పెద్దవాళ్ల మధ్య ఉండే వేడుక, పిల్లల చేతికి ఎప్పుడూ రాలేదు. లోపల పదివేలు.

"ఇది నీకు, బంగారుతల్లీ."

పైడితల్లి ఎడమచేత్తో అందుకుంది. కుడి బొటనవేలు ఇంకా పరికరం మీదే ఉంది.

ముల్లు తిరిగింది. ముప్పై దాటింది. తొంభై, నాలుగువందలు, మూడువేలు. ఒక మనిషి బతికే రోజులన్నీ దాటిపోయి మళ్లీ మొదటికొచ్చి తిరుగుతూనే ఉంది. గానుగకు కట్టిన ఎద్దునైనా ఒకచోట నీళ్లు తాగించడానికి ఆపుతారు. ఇది ఆగడం లేదు. చప్పట్ల హోరులో ఎవరూ చూడలేదు. చూసింది నాయుడొక్కడే. పిల్ల కళ్లు కూడా చూశాడు. ఏనుగును చూసినప్పుడు లేని మెరుపు ఆ కళ్లల్లో ఉంది.

వస్తువుల మోజు కొలిచాడు గానీ, రూపం లేదు కదా అని డబ్బును ఏనాడూ ఆ ముల్లు ముందు పెట్టలేదు. ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారైనా తట్టలేదు.

"ఆగండి" అన్నాడు నాయుడు.

దేవుళ్లమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "మాస్టారూ! సంతకం అయిపోయింది. మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి."

నాయుడు ఆ చెయ్యి విడిపించుకుని పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మలూ, ఈ ఏడాది డబ్బంతా ఏం చేశావు?"

"దాచీసేను తాతా."

"దేనికి?"

"పెరుగుతాది."

"పెరిగాక?"

"ఇంకా పెరుగుతాది."

"నిన్నెవరైనా ఏదైనా అడిగారా?"

పైడితల్లి తల దించుకోలేదు. తప్పు చేశానన్న ఆలోచనే లేదు ఆ పిల్లకి. "మా క్లాసు చిన్నమ్ములు అడిగింది. దాని డబ్బులన్నీ గోడలే ఊడ్చీసేయి. దాని ఈతబెండు చిరిగిపోయింది. బెండు కట్టుకోకపోతే బడి పడవ ఎక్కనివ్వరు కదా. ఎనిమిది రోజులై రాలేదు. కొనిపెట్టవే, అంది."

"మరి?"

"కొట్టుకెళ్లి కొత్త బెండు పట్టుకుని చూసేను. నా ముల్లు కదల్లేదు. నా బెండు నాకుంది కదా, అందుకని కొనలేదు."

అవసరమైతే ముల్లు కదలదని నాయుడే నేర్పాడు. ఎవరి అవసరమో అడగడం నేర్పలేదు.

ముందుగా నవ్వింది ఉపేంద్ర. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మేం వస్తువుల మోజు అంటించాం, అది పదిరోజుల్లో పోతుంది. మీరంటించిందానికి అంకే లేదు కదండీ!" బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం. ఆ ముల్లు మాకమ్మెయ్యండి. ఈ గాజుబిళ్లలు రంగురంగుల్లో, అందమైన పెట్టెల్లో అమ్ముతాం. పొదుపు బిళ్లలు! పిల్లలు పట్టుకుని మురిసిపోతారు. గోడలు మీ గొంతుతోనే పిలుస్తాయి."

నాయుడు లేచాడు. అధ్యక్షురాలి చేతిలోంచి అనుమతి పత్రం తీసుకుని నిలువునా చించాడు.

"వాళ్లకీ ఇవ్వను, మీకూ ఇవ్వను. నలభై ముళ్లూ వెనక్కి తెప్పించండి."

"నిషేధించమని మీరే అడుగుతున్నారా?" సుభాషిణి నోరు తెరిచింది.

"నిషేధం కాదు. నాది నేను తీసుకుంటున్నాను."

"మరి గోడలు పిల్లల్ని దోచుకుంటాయి కదండీ!"

"గోడతో పోట్లాడతాను. రోజూ పొద్దున్నే బడికొచ్చి నా నోటితో నేను చెబుతాను. కొంటారు, ఏడుస్తారు, మళ్లీ కొంటారు, నేర్చుకుంటారు. ముల్లు చెబితే వినేది వేలు. నేర్చుకోవలసింది వేలు కాదు."

దేవుళ్లమ్మ ముఖం తిప్పుకుంది. ఏడుస్తోందో, తిడుతోందో తెలియలేదు.

నాయుడు పైడితల్లిని వెంటబెట్టుకుని హాలు కింద రేవులో ఉన్న ఈతబెండ్ల కొట్టుకి నడిచాడు. దారిపొడుగునా గోడలు పిలుస్తూనే ఉన్నాయి. పిల్ల గాజుబిళ్లని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"చిన్నమ్ములుకి ఒకటి కొను" అన్నాడు.

"ముల్లు కదలదు తాతా."

"కదలకపోతే పోనీ. కొను."

"బిళ్ల అయిపోతాది!"

"అయిపోతుంది."

పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాకు మాత్రం అన్నీ చెప్తావు. ముందు నీ ముల్లు నువ్వు పారెయ్, చూద్దాం."

నాయుడు జేబులోంచి తన పరికరం తీశాడు. మొట్టమొదట చేసింది అదే. అంచులు అరిగిపోయి ఉన్నాయి. రేవు చివర నిలబడి, అది పట్టుకున్న ఎడమచెయ్యి నీళ్ల మీదకి చాపాడు. అలవాటు కొద్దీ కుడి బొటనవేలు దాని మీదకి వెళ్లింది. ఈసారి ఎడమచేతిలో ఉన్న వస్తువు ఆ పరికరమే.

ముల్లు తిరిగింది. ముప్పై, తొంభై, నాలుగువందలు, మూడువేలు.

పైడితల్లి మునివేళ్ల మీద లేచి చూసింది. దాని ముఖం విప్పారింది. "తాతా! నీకూ ఆగట్లేదు!"

"నోర్ముయ్యి గుంటా."

"సిగ్గు లేదేటి? ఇద్దరం ఒక్కసారే వదిలీద్దాం. నేను లెక్కపెడతాను."

కొట్టుమనిషి బల్ల మీద పసుపురంగు బెండు పెట్టి వింతగా చూస్తున్నాడు. పైడితల్లి బిళ్ల ఉన్న పిడికిలి ఆ బల్ల మీద ఉంచింది.

"ఒకటి. రెండు." గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "మూడు!"

గాజుబిళ్ల బల్ల మీద టంగుమంది. బెండు చంకలో పెట్టుకుని పిల్ల రేవు చివరికి పరిగెత్తుకొచ్చింది.

నాయుడు చెయ్యి నీళ్ల మీద చాచినది చాచినట్టే ఉంది. పిడికిలి మూసే ఉంది.

"దొంగ తాత!" అంది పైడితల్లి. బెండు కింద పడేసి, ఆయన మణికట్టు పట్టుకుని, ఒక్కొక్క వేలే విప్పడం మొదలెట్టింది.